బాగున్నామండీ

రెప్పల మీద ఎండ.

కళ్ళు మూసుకునే ఉన్నాను. అయినా తెలుస్తోంది. పరదాకీ గోడకీ మధ్య సన్నని సందు... అందులోంచి దూరి, దుప్పటి మీద పాకి, మెడ దాటి, రెప్పల మీదికి ఎక్కి కూర్చుంది. ఎర్రగా. గుచ్చుతూ.

ఒకప్పుడు ఇదే ఎండలో రోజంతా తిరిగినదాన్ని. నెత్తి మాడుతున్నా లెక్కచేసేదాన్ని కాదు.

ఇప్పుడు ఒక్క గీత ఎండకి తల పగిలిపోతోంది.

పక్కకి తిరిగితే చాలు. తిరిగేందుకు కావలసిన ఓపిక ఉంది కూడా. కానీ ఇవాళ ఉన్నదంతా దాచుకోవాలి.

ఇవాళ డాక్టరుగారు వస్తారు.

నేను బస్సు కండక్టర్ని. ఒకప్పుడు కండక్టర్ని అని మాత్రం ఛస్తే అనను. ఊగే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడ్డ మనిషిని. జేబుదొంగ చెయ్యి జేబులోకి పోకముందే పట్టుకునేదాన్ని. "ముందుకు జరగండయ్యా, ముందంతా ఖాళీయే, అక్కడేమైనా ముళ్ళున్నాయా?" అని నేనొక్క కేక వేస్తే డ్రైవరు కూడా సీట్లో ముందుకు జరిగేవాడని డిపోలో జోకు. నా పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. డిపో అంతటికీ నేను 'రైట్ రైట్'.

తర్వాత ఒక జ్వరం.

మామూలు జ్వరమే. ఆ నెలలో బస్సెక్కిన సగం మందికి వచ్చింది, అందరికీ పోయింది. నాకూ పోయింది.

జ్వరం పోయింది కానీ నేను తిరిగి రాలేదు.

నిద్రపోయి లేస్తే అలసట. స్నానం చేస్తే అలసట. అన్నం నమిలితే అలసట. ఒకరోజు కాస్త బాగుందనిపించి నాలుగు గిన్నెలు తోమితే, మర్నాటి నుంచి వారం పాటు మంచం. అదీ దీని తిక్క. చేసేటప్పుడు ఏమీ అనదు. చేయనిస్తుంది. ముద్దుగా చేయనిస్తుంది. మర్నాడో ఆ మర్నాడో వచ్చి వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది.

రక్తం తీశారు. గుండె చూశారు. తలకి ఫోటోలు తీశారు. రిపోర్టులన్నీ బాగున్నాయి... మనిషి తప్ప.

చివరికి పెద్దాసుపత్రిలో ఒకాయన దీనికి పేరు చెప్పాడు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్.

"అలసటకి అంత పెద్ద పేరా!" అంది అత్తయ్య. "మా కాలంలో బద్ధకం అనేవాళ్ళం."

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండింటికీ ఓపిక లేక ఊరుకున్నాను.

మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు.

మా ఆయన చేసే పని లిఫ్టులు బాగుచేయడం. ఊళ్ళో లిఫ్టులన్నీ ఆయన చేతి మీదుగా పైకీ కిందికీ పోతుంటాయి, ఆయన పెళ్ళాం మాత్రం మూడో అంతస్తులో ఇరుక్కుపోయింది. మొదట్లో ఈ జోకు ఆయనే వేసేవాడు. ఈమధ్య మానేశాడు.

వీధి చివర ఆరోగ్య కేంద్రం. కిటికీ తెరిస్తే దాని పచ్చ బోర్డు కనిపిస్తుంది. గట్టిగా పిలిస్తే పలుకుతారన్నంత దగ్గర.

ఒకసారి వెళ్ళాను అక్కడికి. మెట్లు కూర్చుంటూ దిగాను. బెంచీ మీద టోకెను పట్టుకుని కూర్చున్నాను. నెత్తి మీద ట్యూబులైటు జుయ్యిమంటోంది, పక్కన పసిపిల్ల ఏడుస్తోంది, గోడలు వంగుతున్నాయి. నా వంతు వచ్చేసరికి నేను నేలమీద ఉన్నాను. మా ఆయన వీపు మీద మోసుకుని పైకి తెచ్చాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళో చెంచా పట్టుకోలేకపోయాను. మాట కూడా పోయింది కొన్నాళ్ళు. తర్వాత మాట వచ్చింది, చెంచా వచ్చింది. అంతకుముందు వంటింటి దాకా నడిచేదాన్ని. ఆ నడక మాత్రం రాలేదు.

అదీ నా భయం. దిగిన ప్రతిసారీ కొంత నేను కిందే ఉండిపోతాను.

అందుకే కేంద్రం నుంచి నర్సమ్మ వస్తుంది. ప్రతి బుధవారం. చెప్పులు గుమ్మం బయట విడుస్తుంది. లైటు వేయదు. గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఆవిడ అసలు గొంతు విన్నవాళ్ళకి తెలుస్తుంది అదెంత కష్టమో. మొదట్లో ఆవిడా అందరిలాగే "లేవండమ్మా, నాలుగడుగులు వేయండి, కూర్చుంటే ఒళ్ళు కట్టేస్తుంది" అంది. వేశాను. గోడ పట్టుకుని ఎలాగో వరండా చివరిదాకా వేశాను. ఆ వానాకాలమంతా ఈ గదిలోనే పడుకుని వానని చెవులతో చూశాను. నర్సమ్మ ఆ తర్వాత ఎవర్నో అడిగి, ఏదో చదివి వచ్చింది. వచ్చి నా మంచం పక్కన స్టూలు లాక్కుని, "తప్పు చెప్పానమ్మా" అంది. "ఇంకా ఓపిక ఉందనిపించినప్పుడే ఆగిపోండి. అయిపోయేదాకా వాడొద్దు."

ఇంకా ఉందనిపించినప్పుడే ఆగడం... నాలాంటి దానికి!

నేర్చుకున్నాను. ఏడుస్తూ నేర్చుకున్నాను. ఆవిడ బి.పి. చూస్తుంది. నిద్రమందు మార్చాలంటే డాక్టర్ని అడిగి మారుస్తుంది. కాసేపు చీకట్లో ఊరికే కూర్చుంటుంది. ఆవిడ వచ్చిన రోజు నాకు పిచ్చి పట్టలేదని నాకు తెలుస్తుంది. అంతకంటే పెద్ద మందు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

పోయిన బుధవారం ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇళ్ళకి వెళ్ళే నర్సుల్ని తగ్గిస్తున్నారమ్మా. కొత్త డాక్టరుగారు ఇంటింటికీ వచ్చి చూస్తారట. కేంద్రానికి రాలేనివాళ్ళకే ఇక మేము వచ్చేది. మిగతావాళ్ళంతా రావాల్సిందే."

"నేను రాలేను కదా."

"నాకు తెలుసు. ఆవిడకి తెలియాలి. ఉన్నది ఉన్నట్టు కనబడండి, చాలు. పొరపాటున కూడా లేచి కూర్చోకండి. మీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను."

ఉన్నది ఉన్నట్టు. అదేమంత పని, అనుకున్నాను.

నిన్న సాయంత్రం మా ఆయన నాతో రిహార్సలు వేయించాడు. మంచం పక్కన స్టూలు మీద డాక్టరులా బిగుసుకుని కూర్చుని, "ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు.

నోరు తెరిచాను. "బా..." అన్నాను.

"ఊఁ! ఊఁ!"

"బాగాలేనండీ."

ఆ మాట బూతులా వినబడింది నాకే. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పొద్దున ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారని ఫోను వస్తే, వెళ్ళలేక వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఇవాళ మాత్రం డ్యూటీ ఎక్కకు రైట్ రైట్, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.

ముందుగదిలో చీపురు చప్పుడు.

అత్తయ్య నేల తుడిచింది. కుర్చీ తుడిచింది. తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచింది. గిన్నె, బాల్చీ, అలమర తలుపు... ప్రతి చప్పుడూ నా తలలోనే మోగుతోంది.

అత్తయ్యకి ఇల్లంటే పరువు. పరువంటే ప్రాణం. నేను మంచాన పడ్డ కొత్తలో పక్కింటివాళ్ళు అడిగితే "డ్యూటీలు మారాయి" అంది. తర్వాత "పుట్టింట్లో ఉంది" అంది. పక్క గదిలో పడుకుని వింటూనే ఉన్నాను నేను. నన్ను నా ఇంట్లో ఉంచే పుట్టింటికి పంపేసింది మహాతల్లి! కోపం రాలేదంటే అబద్ధం. బోలెడంత వచ్చింది. కానీ పూటపూటా నా మంచం దగ్గరికి కంచం తెచ్చేది కూడా ఆమే. మోకాళ్ళు సహకరించకపోయినా, గోడ పట్టుకుని, గొణుక్కుంటూ తెస్తుంది. గొణిగేది నన్ను కాదు, మోకాళ్ళని.

ఇప్పుడు దువ్వెన పట్టుకుని వచ్చింది.

"లే, జడ వేస్తాను."

"వద్దత్తయ్యా. ఇలాగే ఉండనివ్వండి."

"జుట్టు విరబోసుకునా! ఇంటికొచ్చిన మనిషి ఏమనుకుంటుంది? నిన్ను గాలికొదిలేశామనుకోదూ?"

"అనుకోవాలి... బాగాలేననే అనుకోవాలి. నర్సమ్మ చెప్పింది కదా."

"నర్సమ్మకేం, చెప్పి పోతుంది. నలుగురిలో తలెత్తుకు తిరగాల్సింది నేను."

వాదించడానికి ఓపిక కావాలి. జడ వేయించుకోవడానికి అంతకంటే తక్కువ చాలు. తల వంచాను.

ఒక్కో పాయ లాగినప్పుడల్లా కళ్ళలో నీళ్ళు. జడ అయింది. మొహం తుడిచి పౌడరు రాసింది. ఉతికిన బట్టలు తొడిగింది. దుప్పటి మార్చింది. మందు సీసాలు అలమరలో పెట్టేసింది. మంచం పక్కనున్న బేసిను బాత్రూములో దాచేసింది. చివరికి పరదా బర్రున లాగేసింది.

ఎండ మొత్తం ఒక్కసారిగా గదిలోకి వచ్చి పడింది.

"ఇప్పుడు మనిషిలా ఉన్నావు," అంది.

ఆమె గొంతులో సంతోషం. నిజం సంతోషం. చాలాకాలానికి తన కోడలు తనకి కనబడింది కాబోలు. దాన్ని చెడగొట్టడానికి నాకు మనసు రాలేదు.

మెట్ల మీద అడుగులు.

దగ్గరగా. ఇంకా దగ్గరగా. పడుకునే ఉంటాను, అనుకున్నాను. కళ్ళు తెరవను. గట్టిగా ఊపిరి కూడా పీల్చను. ఉన్నది ఉన్నట్టు... ఉన్నది ఉన్నట్టు...

గుమ్మంలో డాక్టరు. నాకంటే చిన్నది. భుజాన సంచి, మొహాన చెమట, మెట్లెక్కిన ఆయాసం. అలసిపోయిన మనిషిని ఎక్కడున్నా గుర్తుపడతాను నేను. ఆ పిల్ల బాగా అలసిపోయి ఉంది.

"అయ్యో, కూర్చోండమ్మా, అన్ని మెట్లెక్కి వచ్చారు!"

ఎవరన్నారు ఆ మాట?

నేనే. లేచి కూర్చుని మరీ అన్నాను.

ఏమీ ఆలోచించలేదు. గుమ్మంలో మనిషి కనబడగానే ఒళ్ళు దానంతటదే లేచింది. పెద్దవాళ్ళొస్తే లేవాలి, కొత్తవాళ్ళొస్తే లేవాలి, డాక్టరొస్తే మరీ లేవాలి... పుట్టినప్పటి నుంచీ నూరిపోసిన పాఠం. నడక మరిచిపోయింది, నిద్ర మరిచిపోయింది, ఇదొక్కటి మరిచిపోలేదు వెధవ ఒళ్ళు!

"ఎలా ఉన్నారు?" అంది డాక్టరు.

"బాగున్నామండీ," అంది అత్తయ్య.

"బాగున్నానండీ," అన్నాను నేను.

ఇద్దరం ఒకేసారి.

ఎవరు పలకరించినా అదే కదా జవాబు. ఇల్లు కాలిపోతున్నా సరే, ముందు బాగున్నామండీ... తర్వాతే మిగతాది. ఆ మిగతాది చెప్పాలనే నోరు తెరిచాను.

అంతలో టీ వచ్చింది. కోడలి చేత్తో ఇప్పించాలని అత్తయ్య కప్పూ సాసరూ నా చేతికిచ్చింది. అందించాను. సాసరు గలగలలాడకుండా బొటనవేలితో అదిమిపట్టాను. ఎందుకు పట్టాను? గలగలలాడనివ్వాల్సింది! ఒలికిపోనివ్వాల్సింది!

"ఏం చేసేవారు మీరు?"

"కండక్టర్నండీ."

అంతే. ఎవరో గంట కొట్టినట్టయింది. చెప్పుకుపోయాను. జేబుదొంగ కథ. చిల్లర లేదని రోజూ ఏడిపించే పెద్దమనిషి కథ. డాక్టరు నవ్వింది. అలసిన మొహం విచ్చుకుంది. అత్తయ్య కూడా నవ్వింది... అత్తయ్య నవ్వగా చూసి ఎన్నాళ్ళయింది! ఆ నవ్వు కోసం ఇంకొకటి చెప్పాను.

గుండె దడదడలాడుతోంది. చెవుల్లో హోరు. మాటల చివర్లు జారిపోతుంటే పట్టుకుంటున్నాను. ఆపు, అంటున్నాను నాలో నేను. ఆపవే. హోల్డాన్. హోల్డాన్.

బండి ఆగడం లేదు.

డాక్టరు నాడి చూసింది. "కాస్త వేగంగా ఉంది," అంది. ఆ తర్వాత అడిగింది. "మెట్లు దిగి కేంద్రానికి రాగలరా?"

ఇదీ ప్రశ్న. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఆమె వచ్చింది. ఈ ఒక్క జవాబు కోసమే వారమంతా నేను కదలకుండా పడుకున్నాను.

జవాబు నాకు తెలుసు. రాగలను, ఒక్కసారి. వచ్చాక మళ్ళీ ఎప్పటికి తల ఎత్తుతానో, ఎత్తుతానో లేదో, తెలియదు. మొదటి ముక్క నోటి చివరే ఉంది. రెండో ముక్క కోసం వెతుకుతున్నాను. దొరకడం లేదు. ఇంత మాట్లాడాక మాటలు కూడా అయిపోతాయి ఈ జబ్బులో. తడుముకుంటున్నాను.

"రాగలను..." అన్నాను.

"వస్తుందండీ, ఎందుకు రాదు!" అంది అత్తయ్య. "నేను పట్టుకుని తీసుకొస్తాను. బస్సుల్లో నిలబడి పనిచేసిన మనిషి."

డాక్టరు తల ఊపి లేచింది. చెడ్డ మనిషి కాదు. "నిజంగా మంచం దిగలేనివాళ్ళు ఈ పేటలోనే చాలామంది ఉన్నారండీ, నర్సులు సరిపోవట్లేదు. మీరు బాగానే కోలుకుంటున్నారు, సంతోషం. వచ్చే నెల నుంచి మీరే రండి," అంది. ప్రేమగానే అంది. నా చెయ్యి నొక్కింది కూడా.

నేను నవ్వాను. నవ్వి, "మంచిదండీ" అన్నాను.

మంచిదట! నా నోరు పడిపోను!

ఆమె గుమ్మం దాటింది. నవ్వు ఇంకా నా మొహం మీదే ఉంది. దాన్ని దించడానికి ఓపిక లేదు.

ముందు చేతులు పోయాయి. తర్వాత మెడ. తర్వాత నడుము. ఇంట్లో ఒక్కో గది లైటూ ఆర్పుకుంటూ వస్తున్నట్టు. పక్కకి ఒరిగాను. దిండు అందలేదు. మంచం పట్టె చెంపకి తగిలింది. నొప్పి ఎక్కడో దూరంగా వినబడింది.

అత్తయ్య కప్పులు సర్దుతోంది. "చూశావా, ఎంత బాగా మాట్లాడావో! ఆవిడ నవ్విందే! రోజూ ఇలా కాస్త జడ వేసుకుని లేచి కూర్చుంటే..."

తిరిగి చూసింది.

కప్పు కింద పడి పగిలింది.

పడుకున్న నన్ను అత్తయ్య రోజూ చూసింది. పడిపోయే నన్ను ఎప్పుడూ చూడలేదు. అది జరిగేది అందరూ వెళ్ళాక. తలుపు వేసుకున్నాక. అందరికీ నేను నవ్వుతూ వీడ్కోలు చెప్పిన మనిషినే.

"ఏమే... ఏమ్మా... ఇటు చూడు, ఇటు చూడవే తల్లీ..."

చెంప తడుతోంది. అంతా తెలుస్తోంది నాకు. పలకాలని ఉంది. నాలుక రాయిలా పడుంది. ఆమె చెయ్యి నా జడ మీద పడి, అక్కడే ఆగిపోయింది.

"నేనే..." అంది. "అయ్యో, నేనే చేశాను."

అంతే. లేచింది. ఆ మోకాళ్ళతో ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికి పోయింది. పక్కింటికి వినబడుతుందని రేడియో కూడా తగ్గించి పెట్టే మనిషి, నడుం దాకా బయటికి వంగింది.

"డాక్టరుగారూ! ఆగండి! డాక్టరుగారూ!"

కింద కారు తలుపు పడిన చప్పుడు.

"బాగాలేదండీ! మా కోడలికి బాగాలేదు! అబద్ధం చెప్పాం! పుట్టింట్లో లేదు, ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్ళూ ఈ గదిలోనే పడుంది! నిలబడనైనా నిలబడలేదమ్మా! వెనక్కి రండి, వచ్చి ఇప్పుడు చూడండి!"

కిటికీలు తెరుచుకుంటున్నాయి. ఒకటి. పక్కన ఇంకొకటి. ఎవరో "ఏమైందండీ?" అంటున్నారు. ఏ నలుగురి కోసం ఇన్నాళ్ళూ నన్ను దాచిపెట్టిందో, ఆ నలుగురూ వింటున్నారు. వినండి అన్నట్టు ఇంకా గట్టిగా అరిచింది అత్తయ్య.

"నేనే జడ వేసి కూర్చోబెట్టానమ్మా! నేనే!"

ఒక్కో మాటా సుత్తి దెబ్బ. నా తల చీలిపోతోంది. ఆపకండి అత్తయ్యా, అనుకుంటున్నాను. ఇంకా. ఇంకా గట్టిగా. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే పక్కకి జారుతున్నాయి. ఇంత నొప్పిలో ఇంత సంతోషమేమిటో నాకు అర్థం కావడం లేదు.

ఇంజను చప్పుడు.

ఆ చప్పుడు ఆగిపోయిందో, వీధి మలుపు తిరిగి వినబడకుండా పోయిందో...

అత్తయ్య కిటికీ దగ్గర లేదు. మెట్ల మీద ఉంది. పడుతూ లేస్తూ దిగుతోంది.

తర్వాత నిశ్శబ్దం.

పరదా తెరిచే ఉంది. ఎండ నేరుగా మొహం మీద. పొద్దున పక్కకి కూడా తిరగకుండా దాచుకున్న ఓపిక ఇప్పుడు లేదు. రేపు ఇంకేం ఉండదో తెలియదు.

వింటున్నాను.

మెట్ల మీద అడుగులు.

మెల్లగా. ఈడ్చుకుంటూ. ఒక మెట్టుకి ఒక మూలుగు... అత్తయ్యవి. వాటిని ఎక్కడైనా గుర్తుపడతాను.

వాటి వెనక?

ఊపిరి బిగబట్టాను. వాటి వెనక ఇంకో జత ఉందా? ఆ టకటక డాక్టరు బూట్లదా, నా గుండెదా?

రెండో అంతస్తు మలుపు. అడుగులు ఆగాయి. ఆయాసం వినబడుతోంది. పెద్ద ఆయాసం. ఒక్కరిదో... ఇద్దరిదో...

మళ్ళీ కదిలాయి.

రెప్పల మీద ఎండ. చెవులు మాత్రం మెట్ల మీద.